‘మిశ్రమ’ ఎవరికి విశేషణం?

సందేహం: ఒక వ్యాసంలో ‘ఫార్మాల్డిహైడ్ తయారీలో మిశ్రమ లోహ ఆక్సైడు ఉత్ప్రేరకం. అది చర్యలో పాల్గొనకుండా వేగం పెంచుతుంది’ అని రాశాను. ‘అంటే ఇత్తడి చిలుమా?’ అని మిత్రుడు నవ్వాడు. తప్పుందా? ‘లోహాక్సైడు’ అని కలిపి రాయవచ్చా?

సమాధానం: వ్యాకరణం మీ పక్షమే గానీ, వాడుక మీ మిత్రుడి పక్షం. ‘మిశ్రమ లోహం’ అనగానే ఇత్తడి, కంచు, ఉక్కు గుర్తొస్తాయి. బడి పుస్తకాలు ఆ జంటను అలా ముడివేసేశాయి. మీరు ‘మిశ్రమ’ను ఆక్సైడు కోసం వాడితే, ఆయన దాన్ని పక్కనున్న లోహానికి తగిలించాడు.

అసలు ఇక్కడ ‘మిశ్రమ’ అన్న మాటే నాకంతగా నచ్చదు. రసాయన శాస్త్రంలో మిశ్రమం వేరు, సమ్మేళనం వేరు. ఈ పనికి వాడే ఐరన్ మాలిబ్డేట్ రెండు పొడులు కలిపిన చూర్ణం కాదు. ఇనుము, మాలిబ్డినం, ఆక్సిజన్ ఒకే స్ఫటికంలో అమరి ఉంటాయి. ‘భక్తి’లో ‘క్తి’ చూడండి: హల్లులు రెండు, అక్షరం ఒకటే. అలాంటిదే ఇదీ. అయితే పరిశ్రమలో దీనికి అదనంగా మాలిబ్డినం ఆక్సైడు చేరుస్తారు కనుక ‘మిశ్రమ’ పూర్తిగా అబద్ధమూ కాదు.

నేనైతే ‘బహులోహ ఆక్సైడు’ అంటాను. అది కొత్తగా తోస్తే ‘ఇనుము, మాలిబ్డినంల ఆక్సైడు’ అని పేర్లే చెప్పేయండి, ఏ గొడవా ఉండదు.

‘లోహాక్సైడు’ వద్దు. సవర్ణదీర్ఘసంధి సంస్కృత పదాల మధ్య జరిగేది, ఆక్సైడు ఇంగ్లీషు నుంచి వచ్చింది. విడిగానే రాయండి.

మీరు అడగలేదు గానీ, నాకు అంతకన్నా ఇబ్బందిగా తోచింది ‘పాల్గొనకుండా’. ఉత్ప్రేరకం పాల్గొనకపోతే పని జరిగేదెలా? ఫార్మాల్డిహైడ్‌కు ముడిసరుకు మెథనాల్. దానిలోని హైడ్రోజన్‌ను లాక్కునేది ఆ స్ఫటికంలోని ఆక్సిజనే. ఆ ఆక్సిజన్ నీరై వెళ్లిపోతే, ఆ ఖాళీని గాలిలోని ఆక్సిజన్ పూడుస్తుంది. ఇలాంటి ఇచ్చిపుచ్చుకోవడాన్ని మార్స్, వాన్ క్రెవెలెన్ అనే శాస్త్రవేత్తలు 1954లోనే వివరించారు. ఉత్ప్రేరకం చర్యలో దిగుతుంది, మళ్లీ మొదటి రూపానికి వస్తుంది. కాబట్టి అక్కడ ‘ఖర్చు కాకుండా’ అని మార్చుకోండి.