టెక్ సందేహాలు: నిచ్చెన చివర వణికే బొమ్మ

ప్రశ్న: నేను విజయనగరంలో ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. గోడో 4లో (ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్, అంటే గేమ్ ఇంజిన్) సొంతంగా ఒక 2డి ప్లాట్‌ఫామ్ ఆట తయారుచేస్తున్నాను. పరుగు, గెంతు బాగానే కుదిరాయి కానీ నిచ్చెన దగ్గర ఇబ్బంది పడుతున్నాను. మధ్యలో బాణం మీట వదిలేస్తే బొమ్మ కిందికి జారిపోతోంది. పైకొసకు చేరాక అక్కడే వణుకుతూ నిలబడిపోతోంది. పై అంతస్తులో నిలబడి కింది బాణం నొక్కితే అసలు దిగడమే లేదు. ఇది ఇంజిన్ లోపమా, నా కోడ్ లోపమా?

జవాబు: ఇంజిన్‌ను అనుమానించవలసిన పని లేదు. ఈ మూడు ఇబ్బందులకూ మూలం ఒక్కటే. నేల మీద ఉన్న బొమ్మకు ఒక రకం నియమాలు, గాలిలో ఉన్న బొమ్మకు మరో రకం నియమాలు మీరు రాసే ఉంటారు. నిచ్చెన మీద ఉన్న బొమ్మకు మాత్రం వేరే నియమాలేవీ రాయకుండా, గాలిలో ఉన్నదాన్నే పైకి తోస్తున్నారని మీ వర్ణన చదివితే అర్థమవుతోంది.

ముందుగా జారిపోవడం సంగతి చూద్దాం. గోడోలో కొత్త ప్రాజెక్టు తెరిస్తే 2డి గురుత్వాకర్షణ విలువ 980గా ఉంటుంది, భౌతిక లెక్కలు సెకనుకు 60 సార్లు జరుగుతాయి. అంటే మీరు ఏ మీటా నొక్కకపోయినా, ప్రతి లెక్కలోనూ బొమ్మ పడే వేగానికి సెకనుకు 16 పిక్సెళ్లకు పైగా జమ అవుతూనే ఉంటుంది. పై బాణం నొక్కి ఉంచినంతసేపూ మీ కోడ్ ఆ వేగాన్ని చెరిపేసి బొమ్మను పైకి పంపుతోంది కనుక తేడా తెలియదు; మీట వదలగానే చెరిపేవారు లేక బొమ్మ జారుతుంది. ‘నిచ్చెన మీద’ అన్న సంగతిని గుర్తుంచుకునే ఒక బూలియన్ వేరియబుల్ (నిజం, అబద్ధం అన్న రెండు విలువలే పట్టేది) పెట్టి, అది నిజమైనప్పుడు గురుత్వాకర్షణను కలిపే పంక్తిని దాటవేయండి. ఆ సమయంలో నిలువు వేగాన్ని నేరుగా మీట నుంచే తీసుకోండి. మీట వదిలితే వేగం సున్నా అవుతుంది, బొమ్మ ఉన్నచోటే ఆగుతుంది. గోడో 2డిలో కిందికి పోయేకొద్దీ వై విలువ పెరుగుతుంది కాబట్టి పై బాణానికి ఋణ సంఖ్య రావాలన్నది మరిచిపోకండి.

ఆ వేరియబుల్ ఎప్పుడు నిజం కావాలన్నది ఇంకొంచెం జాగ్రత్తగా ఆలోచించవలసిన విషయం. నిచ్చెనకు ఒక ఏరియా2డి (బొమ్మ తనలోకి వచ్చిందో లేదో గుర్తించే, కంటికి కనబడని ప్రాంతం) పెట్టి, బొమ్మ అందులోకి రాగానే ఎక్కించేయడం చాలామంది చేసే పని. అలా చేస్తే నిచ్చెన ముందు నుంచి పరుగెత్తిపోతున్న బొమ్మ జిగురు కాగితానికి ఈగ అంటుకున్నట్టు అక్కడే అంటుకుపోతుంది. తగలడం వేరు, పట్టుకోవడం వేరు. తగిలి ఉండగా పై బాణమో కింది బాణమో నొక్కితేనే పట్టుకున్నట్టు లెక్క వేయండి. పట్టుకున్న క్షణంలో బొమ్మ అడ్డు స్థానాన్ని నిచ్చెన మధ్యకు జరపండి. ఈ చివరి మాట అలంకారం కోసం చెప్పింది కాదు. బొమ్మ నాలుగు పిక్సెళ్లు పక్కకు ఉండిపోతే, పై అంతస్తులో ఉన్న రంధ్రం అంచుకు దాని భుజం కొట్టుకుని ఎక్కడం ఆగిపోతుంది.

ఇక కొస దగ్గర వణుకు. బొమ్మ పైకెక్కి ఏరియాను దాటగానే ‘నిచ్చెన మీద’ అబద్ధమవుతుంది, గురుత్వాకర్షణ తిరిగి వస్తుంది, బొమ్మ ఒకటి రెండు పిక్సెళ్లు కిందికి పడి మళ్లీ ఏరియాలోకి వస్తుంది. మీ వేలు ఇంకా పై బాణం మీదే ఉంది కదా, మళ్లీ పట్టుకుంటుంది. ఇదంతా సెకనుకు 60 సార్లు లెక్క వేసే చోట జరుగుతోంది కాబట్టి కంటికి వణుకులా కనబడుతుంది.

దీనికి మందు చెప్పే ముందు అసలు నిచ్చెన గురించి ఒక మాట చెప్పాలి. మా ఊళ్లో వానలకు ముందు పెంకులు సర్దడానికి వచ్చే మనిషి, వెదురు నిచ్చెనను గోడకు ఆనించిన వెంటనే ఎక్కేవాడు కాదు. నాలుగడుగులు వెనక్కి జరిగి, నిచ్చెన కొస చూరు దాటి రెండు మూడడుగులు పైకి వచ్చిందో లేదో చూసేవాడు. రాకపోతే పొడవైనది తెమ్మనేవాడు. ఆ మిగులు ఎక్కడానికి కాదని, దిగడానికని నాకు చాలా కాలం తెలియలేదు. కప్పు మీద వెనక్కి తిరిగి, కనబడని మెట్టు కోసం కాలితో వెతికే ఆ క్షణంలో చేతికి ఒక పట్టు దొరకాలి. మీ ఆటలో బొమ్మ దిగకపోవడానికి కారణం సరిగ్గా ఇదే. నిచ్చెన ఏరియా పై అంతస్తు నేల దగ్గరే ముగిసిపోయింది కనుక, ఆ నేల మీద నిలబడిన బొమ్మకు నిచ్చెన తగలడం లేదు, తగలనిదాన్ని పట్టుకోలేదు.

అందుచేత ఏరియాను పై నేల కన్నా బొమ్మ ఎత్తులో సగం మేరకు పైకి పొడిగించండి. నిచ్చెన కొసలో, నేలతో సమానంగా, వన్ వే కొలిజన్ పెట్టిన ఒక పలుచని పలక ఉంచండి. కింది నుంచి వచ్చే బొమ్మను అది అడ్డుకోదు, పైనుంచి నిలబడితే మోస్తుంది. బొమ్మ పైకి పోతూ పాదాలు ఆ పలకను దాటిన వెంటనే పాదాలను సరిగ్గా పలక మీదికి చేర్చి ‘నిచ్చెన మీద’ను అబద్ధం చేయండి. పాదాలు పలక మీద ఉన్నప్పుడు పై బాణంతో నిచ్చెన పట్టుకోవడం కుదరదని, కింది బాణంతో మాత్రమే కుదురుతుందని నియమం పెడితే వణుకు ఆ క్షణమే పోతుంది. దిగేటప్పుడు ఆ పలకే అడ్డం వస్తుంది కాబట్టి దాన్ని విడి కొలిజన్ లేయర్‌లో (ఢీకొనే వస్తువుల వర్గంలో) ఉంచి, నిచ్చెన మీద ఉన్నంతసేపూ బొమ్మ మాస్క్‌లో (అది ఏ లేయర్లను ఢీకొనాలో చెప్పే జాబితాలో) ఆ లేయర్‌ను ఆపివేయాలి. పలక దాటిందా అన్న పరీక్ష పైకి పోతున్నప్పుడు మాత్రమే జరగాలి. లేకపోతే దిగడానికి కాలు పెట్టిన మొదటి లెక్కలోనే బొమ్మను మీ కోడ్ తిరిగి పైకి నిలబెట్టేస్తుంది. ఈ ఒక్క షరతు మరిచిపోయి ఒక ఆదివారమంతా పోగొట్టుకున్న అనుభవం నాది. అడుగున సమస్య చిన్నదే: కింది బాణం నొక్కి ఉండగా పాదాలు నేలకు తగిలితే నిచ్చెన వదిలించండి.

ప్రశ్న: మాది పలాస. మా అబ్బాయి పాత ఆర్కేడ్ ఆటలు ఆడుతుంటాడు. డాంకీ కాంగ్‌లో నిచ్చెన మీద ఉండగా గెంతలేకపోతున్నాడు, చేతిలో సుత్తి ఉంటే నిచ్చెన ఎక్కలేకపోతున్నాడు. ఆట పాడైపోయిందని అంటున్నాడు. నిజమేనా?

జవాబు: పాడైపోలేదు, 1981లో నింటెండో సంస్థకు చెందిన షిగెరు మియమోతో ఆ ఆటను అలాగే రూపొందించారు. దానికి ఏడాది ముందు, 1980లో, యూనివర్సల్ అనే జపాన్ సంస్థ తెచ్చిన స్పేస్ ప్యానిక్‌లో గెంతడమే లేదు. అంతస్తుల మధ్య తిరగడానికి నిచ్చెనలే దారి, శత్రువులను పడగొట్టడానికి నేలలో గోతులే ఆయుధం. డాంకీ కాంగ్ ఆ నిచ్చెనలకు గెంతును జతచేసింది, కానీ రెండింటినీ ఒకేసారి చేతికివ్వలేదు. వైకుంఠపాళిలో నిచ్చెన దొరకడం అదృష్టం. ఇక్కడ నిచ్చెన మీద ఉన్నంతసేపూ మీవాడు నిరాయుధుడు. పైనుంచి కోతి దొర్లించే పీపాలు మాత్రం నిచ్చెనల మీదుగా కూడా దొర్లి వస్తాయి. మధ్యలో మెట్లు విరిగిన నిచ్చెనలను గమనించమనండి: మనం వాటి మీద పూర్తిగా ఎక్కలేము, పీపా మాత్రం వాటి గుండా కిందికి దిగిపోతుంది. ఆ అన్యాయమే ఆ ఆటకు ప్రాణమని నా అభిప్రాయం. సుత్తి విషయమూ అంతే. చేతిలో సుత్తి ఉన్నంతసేపు పీపాలను పగలగొట్టవచ్చు, కానీ ఉన్న అంతస్తులోనే చిక్కుకుపోతారు.

తరవాతి ఆటలు ఈ బేరాన్ని తలా ఒక రకంగా మార్చుకున్నాయి. డగ్లస్ స్మిత్ రాసిన లోడ్ రన్నర్‌లో (1983) చివరి బంగారు ముద్ద చేజిక్కాకే తెర పైదాకా పోయే నిచ్చెన ప్రత్యక్షమవుతుంది. 1987 నాటి మెగా మ్యాన్ నిచ్చెనను ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో కాల్చగలడు. మీ అబ్బాయికి నిచ్చెన మీద ఉన్నప్పటి నిస్సహాయత నచ్చకపోతే ఆ వరుసలోని ఆటలు చూపించండి.

ప్రశ్న: శ్రీకాకుళం నుంచి రాస్తున్నాను. ఫోన్‌లో పాత ఆటలు ఆడితే నిచ్చెన సగం ఎక్కాక బొమ్మ పక్కకు పడిపోతోంది. ఫోన్ స్క్రీన్ మార్చాలా?

జవాబు: డబ్బు ఖర్చు పెట్టకండి. బొటనవేలు పైకి తోసేటప్పుడు కొంచెం పక్కకు ఒరగడం సహజం, ఆ ఒరుగును మీ ఆట ఏటవాలు దిశగా లెక్కిస్తోంది. డాంకీ కాంగ్ ఆర్కేడ్ యంత్రానికి నాలుగు దిక్కులకే కదిలే జాయ్‌స్టిక్ ఉండేది కాబట్టి అక్కడ ఈ సమస్య రాలేదు. 1982లో అదే ఆట చేతిలో పట్టేంత చిన్న యంత్రంగా వచ్చినప్పుడు నింటెండోకే చెందిన గున్‌పే యొకోయ్ కూడిక గుర్తు ఆకారంలో ఒకే మీటను పెట్టారు. చూడకపోయినా వేలికి దిక్కు తెలిసేది. అద్దం మీద వేలికి తగిలే అంచు ఏదీ ఉండదు. మీ యాప్ సెట్టింగ్స్‌లో గుండ్రటి అనలాగ్ స్టిక్ బదులు డి-ప్యాడ్ (ఆ కూడిక గుర్తు మీట) ఎంచుకుని, ఏటవాలు దిశలను ఆపే వీలుంటే ఆపివేయండి, మీటల పరిమాణం పెంచండి. మొదటి ప్రశ్న అడిగిన విద్యార్థి కూడా తన ఆటను ఫోన్‌కు తేదలిస్తే, నిచ్చెన మీద ఉన్నప్పుడు పక్క కదలిక నిలువు కదలిక కన్నా ఎక్కువైతేనే దాన్ని లెక్కలోకి తీసుకోవాలి.

ఇంతా చేసి బ్లూటూత్ కంట్రోలరే కొనాలనిపిస్తే, దుకాణంలోనే ఒక నిచ్చెన ఉన్న ఆట తెరిచి, డి-ప్యాడ్‌ను పైకి నొక్కి ఉంచి బొటనవేలిని అటూ ఇటూ కొంచెం దొర్లించి చూడండి. బొమ్మ పక్కకు పడితే ఆ కంట్రోలర్ తీసుకోకండి.