ఇంగ్లిష్ సందేహాలు: ఫోన్ పోతే ‘రాబ్డ్’ అనొచ్చా?

ప్రశ్న: సార్, హన్మకొండ చౌరస్తాలో బస్సెక్కుతుంటే నా బ్యాగులోంచి ఫోన్ కొట్టేశారు. ఫిర్యాదులో ‘మై ఫోన్ వాజ్ రాబ్డ్’ అని రాశాను. మా అన్న చూసి నవ్వి, ‘స్టోలెన్’ అని దిద్దాడు. రెండూ ఒకటే కదా?
– డిగ్రీ విద్యార్థిని, హన్మకొండ

జవాబు: మీ అన్న దిద్దింది సరిగ్గానే ఉంది బిడ్డా, నవ్వడమే అనవసరం. ‘స్టీల్’ చేసేది వస్తువును. ‘రాబ్’ చేసేది మనిషిని, లేదంటే ఇల్లు, బ్యాంకు లాంటి చోటును. మన ‘దోచుకోవడం’ రెండింటికీ సరిపోతుంది. నగలు దోచుకున్నారంటాం, మమ్మల్ని దోచుకున్నారనీ అంటాం. తికమకంతా అక్కడే. దొంగలు బ్యాంకును ‘స్టీల్’ చేశారని రాస్తే పునాదులతో సహా భవనాన్నే ఎత్తుకుపోయారన్నమాట! మనిషీ వస్తువూ ఒకే వాక్యంలో రావాలంటే ‘రాబ్’కు ‘ఆఫ్’ తోడవుతుంది: ‘దే రాబ్డ్ హర్ ఆఫ్ హర్ ఫోన్’. ‘స్టీల్’కైతే ‘ఫ్రమ్’: ‘దే స్టోల్ ద ఫోన్ ఫ్రమ్ హర్’.

నువ్వు రాసింది పరీక్ష పేపరు కాదు, ఫిర్యాదు. అక్కడ ఈ తేడాకు బరువెక్కువ. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో దొంగతనానికి 303వ సెక్షన్, దోపిడీకి 309. కొట్టో, బెదిరించో గుంజుకుంటే దోపిడీ. పదేళ్ల దాకా జైలు పడొచ్చు. ‘రాబ్డ్’ అని రాస్తే ‘కత్తి చూపించారా, ఎంతమంది వచ్చారు?’ అని అడుగుతారు. బండి మీదొచ్చి చేతిలోది లాక్కుపోతే ‘స్నాచ్’, దానికి 304. నీ ఫోన్ నీకు తెలియకుండా జిప్పు తీసి పట్టుకుపోయారు కాబట్టి ‘స్టోలెన్’. అన్నట్టు, ఐఎంఈఐ నంబరు (ప్రతి ఫోన్‌కూ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య) రాశావా? క్రియ కన్నా ముందు అది చూసుకో.

ప్రశ్న: ‘కెన్ యూ బారో మీ యువర్ బైక్?’ తప్పా సార్?
– ఓ పాఠకుడు, నర్సంపేట

జవాబు: తప్పే. చేబదులు ఇవ్వడం ‘లెండ్’, తీసుకోవడం ‘బారో’. ఎనుమాముల మార్కెట్లో అడ్తిదారు రైతుకు ‘లెండ్’ చేస్తాడు, రైతు అడ్తిదారు దగ్గర ‘బారో’ చేస్తాడు. మీరు బండి అడుగుతున్నారు కాబట్టి ‘కెన్ యూ లెండ్ మీ’ అనండి, లేదా ‘కెన్ ఐ బారో’ అనండి. పెట్రోలు సంగతి ఏ క్రియలోనూ రాదు, అది మీరే పోయించాలి.