9.4 మార్కులు ఎవరు వేశారు?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. ఆదోనిలో ఒక పత్తి జిన్నింగ్ మిల్లులో లెక్కలు రాస్తాను, జీతం 26 వేలు. మా బామ్మర్ది ఒక రేటింగ్ సైట్ చూపించాడు. అందులో పదికి 9.4 మార్కులు వచ్చిన ఆన్‌లైన్ కాసినోలో మూడు విడతలుగా 12 వేలు వేశాను. మూడుసార్లూ యూపీఐలో వేర్వేరు మనుషుల పేర్లు వచ్చాయి. మొదట్లో 500 తీసుకుంటే వెంటనే పడింది. ఇప్పుడు 41 వేలు చూపిస్తోంది గానీ, తీసుకోవాలంటే ముందు పన్ను కింద 9 వేలు కట్టమంటున్నారు. ఆ రేటింగ్ నమ్మవచ్చా? మంచి రేటింగ్‌ను ఎలా గుర్తుపట్టాలి? ఇంట్లో ఎవరికీ తెలియదు. మా ఆవిడ గొలుసు ఇప్పటికే బ్యాంకులో 60 వేలకు కుదువలో ఉంది.

జవాబు: ముందు ఆ 9 వేలు కట్టకండి. రేటింగ్ సంగతి తర్వాత.

ఆన్‌లైన్ ఆటల్లో నికర గెలుపు మీద 30 శాతం పన్ను ఉన్న మాట నిజమే. 41 వేలకు మీరు తీసుకున్న 500 కలిపి, వేసిన 12 వేలు తీసేస్తే 29,500. దాని మీద 30 శాతం అంటే 8,850. వాళ్లు అడిగింది దాదాపు అంతే. లెక్క కుదిరేసరికి మీలాంటి లెక్కల మనిషికి కూడా నమ్మకం కలుగుతుంది. కానీ మీ మిల్లులో ఎవరి బిల్లుకైనా టీడీఎస్ పట్టాల్సి వస్తే ఏం చేస్తారు? బిల్లులోనే పట్టుకుని మిగతాది ఇస్తారు. ముందు మీరు డబ్బు తెచ్చి కట్టండి అని పార్టీని అడగరు కదా. ఇదీ అంతే. ఈ 9 వేలు కడితే రేపు వెరిఫికేషన్ ఫీజు అని ఇంకోటి వస్తుంది. మొదట పడిన ఆ 500 గాలానికి గుచ్చిన ఎర. తెరమీద కనిపించే 41 వేలు ఒట్టి అంకె.

ఇక 9.4 గురించి. ఆ పేజీని కిందిదాకా జరపండి. ఇలాంటి చాలా సైట్లలో అట్టడుగున, సన్న అక్షరాల్లో, తమకు భాగస్వాముల నుంచి కమీషన్ రావచ్చని ఒక వాక్యం ఉంటుంది. మార్కులు వేసినవాడి లింకు నొక్కి మీరు చేరితే అతనికి తలకు ఇంత అని ముడుతుంది, లేదా మీరు పోగొట్టుకున్న డబ్బులో వాటా వెళ్తుంది. ఆదోని మార్కెట్ యార్డులో దళారి కమీషన్ రైతు సరుకు అమ్ముడైన ధర మీద ఉంటుంది. ధర పెరిగితే అతనికీ లాభమే. ఇక్కడి దళారికి మీ నష్టం పెరిగితే లాభం. అతను వేసిన మార్కులు చూసి డబ్బు పెట్టడమేమిటి?

ఆ సైట్‌లో ఐదు కంటే తక్కువ మార్కులొచ్చిన కాసినో ఒక్కటైనా ఉందేమో వెతకండి. అందరికీ ఎనిమిది పైనే ఉంటే అది పరీక్ష కాదు, ప్రకటన. మార్కులు దేనికి వేశారో కూడా చూడండి. బోనస్‌కు, ఆటల సంఖ్యకు, యాప్ అందానికి ధారాళంగా పడతాయి. డబ్బు అడిగితే ఇచ్చారా లేదా అన్నదానికి చోటే ఉండదు. లైసెన్సు కురసావ్, మాల్టా లాంటి విదేశీ దీవులదని గొప్పగా రాస్తారు. అది నిజమైనదే అనుకున్నా, ఆదోనిలో ఉన్న మీకు అక్కడి అధికారి డబ్బు ఇప్పిస్తాడా? ఆటలను పరీక్షించామని చెప్పే ల్యాబ్ ముద్ర కూడా ఒక బొమ్మే, ఎవరైనా కాపీ చేసి అతికించుకోవచ్చు.

సరే, పూర్తిగా నిజాయితీగా వేసిన మార్కులే అనుకుందాం. అప్పుడు కూడా అవి చెప్పేది ఒక్కటే: గెలిస్తే డబ్బు ఇస్తారని. మీరు గెలుస్తారని కాదు. బొమ్మల చక్రాలు తిప్పే స్లాట్ ఆటలో 96 శాతం తిరిగి వస్తుందని రాసి ఉంటే, వంద పందేనికి సగటున 4 రూపాయలు తరుగు. తరుగంటే మీకు చెప్పక్కర్లేదు. ఒకే బోరాన్ని మళ్లీ మళ్లీ కాటాకు ఎత్తి ప్రతిసారీ తరుగు తీస్తే చివరికి గోనెసంచే మిగులుతుంది. 50 రూపాయల చొప్పున గంటలో 600 సార్లు తిప్పితే మీరు కాసినట్లు 30 వేలు, తరుగు 1,200. బోనస్ సంగతీ అంతే. 5 వేల బోనస్‌కు 35 రెట్లు ఆడాలని షరతు ఉంటే మొత్తం 1,75,000 రూపాయల పందేలు కాయాలి. దాని మీద 4 శాతం 7 వేలు. ఐదు వేలు ఇచ్చి ఏడు వేలు లాగడమన్నమాట.

చట్టం సంగతి కూడా చెప్పాలి. మన ఆంధ్రప్రదేశ్ 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించి, పందెం డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. ఆడేవాళ్లకు కూడా అందులో శిక్ష ఉంది. పార్లమెంటు 2025 ఆగస్టులో చేసిన చట్టంలో ఆడేవాళ్లకు శిక్ష లేదు గానీ, నడిపేవాళ్లకు మూడేళ్ల దాకా జైలు, ప్రకటన ఇచ్చేవాళ్లకు రెండేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. కమీషన్ కోసం లింకు పెట్టి మార్కులు వేసే పేజీ ప్రకటన కాక ఇంకేమిటి? కాబట్టి మన దగ్గర కూర్చుని మంచి కాసినో రేటింగ్ కోసం వెతకడంలో అర్థం లేదు. మీ రెండో ప్రశ్నకు నా జవాబు అదే.

ఈరోజే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయండి. ఆలస్యమైతే డబ్బు చేతులు మారిపోతుంది. చట్టమంటే భయంగా ఉంటే తెలిసిన లాయర్‌ను వెంట పెట్టుకోండి. ఫిర్యాదు మాత్రం మానకండి. స్క్రీన్‌షాట్లు, యూపీఐ నంబర్లు దాచండి. ఆ వేర్వేరు పేర్లు బహుశా అద్దెకు తెచ్చిన ఖాతాలవి. మీకొచ్చిన 500 కూడా అలాంటి ఖాతా నుంచే వచ్చి ఉంటే, వేరే ఊళ్లో పెట్టిన కేసులో మీ జీతం ఖాతాను ఆపేసే ప్రమాదం ఉంది. అందుకే మీ బ్యాంకుకు రాతపూర్వకంగా తెలియజేయండి. పాన్, ఆధార్ అప్‌లోడ్ చేసి ఉంటే మీ క్రెడిట్ రిపోర్ట్ తీసి, మీ పేరున కొత్త అప్పులేమైనా పుట్టాయేమో చూసుకోండి. సిబిల్ లాంటి సంస్థలు దాన్ని ఏడాదికి ఒకసారి ఉచితంగానే ఇస్తాయి.

పోయిన 12 వేలలో ఎంత తిరిగొస్తుందో చెప్పలేను. వస్తుందని లెక్క వేసుకోకండి. దాన్ని రాబట్టడానికి ఇంకోచోట ఆడటం అసలే వద్దు. చేతిలో ఉన్న ఆ 9 వేలు గొలుసు అప్పులో అసలు కింద జమ చేయండి. ఏడాదికి 9 శాతం వడ్డీ అనుకుంటే 810 రూపాయలు ఖాయంగా మిగులుతాయి. రసీదు తెచ్చి మీ ఆవిడకు ఇవ్వండి, 12 వేల సంగతి కూడా అప్పుడే చెప్పండి. ఇవాళ కాకపోతే రేపు పోలీసుల నుంచో బ్యాంకు నుంచో ఇంటికి ఫోన్ వస్తుంది, అప్పుడు చెప్పడం ఇంకా కష్టం. మీ బామ్మర్ది ఎంత పెట్టాడో కూడా ఒకసారి అడగండి.