టెక్ సందేహాలు: లాగిన్ మీది, పని అందరిది

ఈసారి వచ్చిన సందేహాల్లో ఎక్కువ భాగం ఆసుపత్రుల నర్సింగ్ స్టేషన్ల నుంచే. రాసినవారు డాక్టర్లూ కాదు, నర్సులూ కాదు. అడ్మిషన్ కాగితాలు, ఫార్మసీ ఇండెంట్లు (మందులు పంపమనే అభ్యర్థనలు), ల్యాబ్‌కు ఫోన్లు, బెడ్ మార్పులు, డిశ్చార్జ్ ఫైళ్లు చూసుకునే యూనిట్ కోఆర్డినేటర్లు. పేర్లు వేయవద్దని అందరూ కోరారు. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

మా వార్డులో మూడు షిఫ్టులకూ నా లాగిన్‌తోనే పని జరుగుతుంది. ఈమధ్య నా పేరు మీద ఒక మందుల ఇండెంట్ రెండుసార్లు వెళ్లింది. ఆ సమయానికి నేను ఇంట్లో ఉన్నాను. నిరూపించుకోవడం ఎలా? – మలక్‌పేట

నిరూపించుకోవచ్చు, కానీ ఆలస్యం చేయకూడదు. ఆసుపత్రి సాఫ్ట్‌వేర్‌లో ప్రతి ఎంట్రీ వెనుకా యూజర్ ఐడీ, సమయం నమోదవుతాయి. చాలావాటిలో అది ఏ కంప్యూటర్ నుంచి వెళ్లిందో కూడా ఉంటుంది. ఈ ఆడిట్ లాగ్ మీ తెర మీద కనిపించదు, ఐటీ విభాగం తీయగలదు. ఇండెంట్ నంబరు, తేదీ, సమయం రాసి, ఆ లాగ్‌ను తీసి భద్రపరచమని ఈమెయిల్ పెట్టండి. నర్సింగ్ సూపరింటెండెంట్‌కు కాపీ పంపండి. నోటిమాటగా అడిగితే ‘చూద్దాం మేడమ్’ అంటారు, అక్కడితో సరి. మీ వేలిముద్ర హాజరు వివరాలనూ జత చేయండి. మధ్యాహ్నం 2 గంటలకు గేటు దాటిన మనిషి 4.40కి వార్డు కంప్యూటర్‌లో ఇండెంట్ పెట్టడం కుదరదు.

పాస్‌వర్డ్ ఎందుకు ఇచ్చారని మిమ్మల్ని తప్పకుండా అడుగుతారు. అందుకే ఎవరు చెబితే ఇచ్చారో, ఎప్పటి నుంచి అందరూ వాడుతున్నారో అదే ఈమెయిల్‌లో రాసేయండి. అడిగాక చెబితే సాకులా ఉంటుంది. ఈరోజే పాస్‌వర్డ్ మార్చండి. రాత్రి 9 గంటలకు ‘అక్కా, ఒక్క డిశ్చార్జ్ మిగిలింది’ అని ఫోన్ వస్తుంది. కొత్తది చెప్పకండి.

ఇక్కడ తప్పు వాడేవారిదే అనడానికి నాకు మనసొప్పదు. కొత్తగా చేరిన ఉద్యోగికి మొదటి రోజే యూనిఫాం ఇస్తారు, బ్యాడ్జి ఇస్తారు, లాగిన్ మాత్రం వారాల తరబడి రాదు. వచ్చినా అది తెరుచుకునేలోపు నాలుగు ఫోన్లు మోగుతాయి. ఐదు నిమిషాలు కదలకపోతే మళ్లీ మొదటికి. బ్యాడ్జి తాకిస్తే చాలు, వెంటనే మనిషి మారే పద్ధతి ఎప్పుడో వచ్చింది. దానికి ఖర్చు పెట్టరు. ఫలితం ఏ వార్డుకు వెళ్లినా చూడవచ్చు: మానిటర్ అంచున తెల్లటి మైక్రోపోర్ టేపు ముక్క, దాని మీద బాల్‌పెన్నుతో రాసిన పాస్‌వర్డ్: వార్డు పేరు, పక్కన ఎట్ గుర్తు, 123. సెలైన్ ఎక్కించే సన్నని గొట్టం (క్యాన్యులా) కదలకుండా రోగి చేతికి అతికించేదీ ఆ టేపే.

టేపు పీకేస్తే పనైపోలేదు. బ్రౌజర్‌లో సేవ్ అయిన పాస్‌వర్డ్‌ల జాబితా తెరిచి చూడండి. కంప్యూటర్ ఖాతాకు పాస్‌వర్డే లేకపోతే, కంటి గుర్తు నొక్కిన ఎవరికైనా అవన్నీ కనిపిస్తాయి. మీ సొంత ఈమెయిల్‌ను ఎప్పుడైనా అక్కడ తెరిచి ఉంటే అది కూడా ఉంటుంది.

నర్సింగ్ స్టేషన్ కంప్యూటర్‌లో నా వాట్సాప్ తెరిచి డాక్టర్లకు రిపోర్టులు పంపుతుంటాను. ఇంటికి వచ్చాక ఫోన్‌లో నెట్ ఆపేస్తే చాలు కదా? – దిల్‌సుఖ్‌నగర్

చాలదు. ఫోన్‌లో నెట్ లేకపోతే కంప్యూటర్‌లోనూ ఆగిపోవడం పాత ముచ్చట. ఇప్పుడు ఫోన్‌తో సంబంధం లేకుండా నాలుగు పరికరాల్లో అది నడుస్తూనే ఉంటుంది. మీరు ఫోన్‌ను 14 రోజులు అసలు వాడకపోతే తప్ప దానంతట అది తెగదు. అంటే రాత్రి షిఫ్టులో ఆ కుర్చీలో కూర్చున్నవారికి రోగుల రిపోర్టులతో పాటు మీ ఇంటి కబుర్లు కూడా అందుబాటులో ఉన్నట్టే. ఫోన్‌లో లింక్డ్ డివైసెస్‌లోకి వెళ్లి, గుర్తుపట్టలేని ప్రతిదాన్నీ లాగ్ అవుట్ చేయండి. తర్వాత వార్డు కంప్యూటర్‌లో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ చూడండి. ఒకే డిశ్చార్జ్ సమ్మరీ పక్కన ఒకటి, రెండు, మూడు అని అంకెలు తగిలించుకుని వరుసగా ఉంటుంది. మీ ఫోన్ గ్యాలరీలోనూ ఇంతే. ఫోటోలు తమంతట తామే క్లౌడ్‌లోకి వెళ్లే ఏర్పాటు ఉంటే, ఎవరిదో స్కాన్ రిపోర్టు మీ పాప పుట్టినరోజు ఫోటోల మధ్య చేరిపోయి ఉంటుంది.

నన్ను అన్నిటికన్నా భయపెట్టేది ఇదే. ఐసీయూ బయట కూర్చున్న మనిషికి ఒక ఫోన్ వస్తుంది. రోగి పేరు, బెడ్ నంబరు, చూస్తున్న డాక్టర్ పేరు తప్పు లేకుండా చెప్పి, ‘ఇంజెక్షన్ బయటి నుంచి తెప్పించాలి, ఈ నంబరుకు డబ్బు పంపండి’ అంటారు. ఆ స్థితిలో ఎవరు అనుమానిస్తారు? మోసగాడికి కావలసిన మూడు వివరాలూ మీరు వార్డు వాట్సాప్ గ్రూపులో పెట్టిన ఒక్క ఫోటోలో ఉంటాయి. ఇరవై మంది ఉన్న ఆ గ్రూపులో ఉద్యోగం మానేసి వెళ్లినవారు ఎంతమంది మిగిలారో ఒకసారి లెక్కపెట్టండి. అలాంటి ఫోన్ వచ్చి డబ్బు పోయిందని ఎవరైనా చెబితే, రిసెప్షన్‌కు పంపి కాలయాపన చేయకుండా వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించండి. తొలి గంటల్లో అయితే డబ్బును మధ్యలో ఆపే అవకాశం ఉంటుంది.

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం, సమాచార భద్రతకు తగిన జాగ్రత్తలు తీసుకోకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల వరకు ఉండవచ్చు. అది సంస్థ మీద పడేది, మీ మీద కాదు. అయితే సంస్థ వెతికే మొదటి పేరు ఎవరిదో వేరే చెప్పక్కర్లేదు. రిపోర్టులు పంపడానికి ఆసుపత్రి తన సొంత యాప్ ఇవ్వాలి. అది ఇచ్చేవరకు రోగి పేరు తీసేసి, ఐపీ నంబరుతో (ఆసుపత్రిలో చేరిన రోగికి ఇచ్చే నంబరు) మాత్రమే పంపండి. గ్రూపులో కాదు, నేరుగా ఆ డాక్టర్‌కే.

డిశ్చార్జ్‌లు ఎక్కువగా ఉండే ఉదయం 11 గంటలకే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ మొదలవుతుంది. సర్వర్ ఆగిపోతే ఏం చేయాలో ఎవరూ చెప్పరు. – సికింద్రాబాద్

కాగితం సిద్ధంగా పెట్టుకోండి. ప్రతి షిఫ్టు మొదట్లో బెడ్ల జాబితా ఒక ప్రింట్ తీసి డ్రాయర్‌లో ఉంచండి, షిఫ్టు మారగానే పాతది చించేయండి. ఖాళీ ఇండెంట్లు, ల్యాబ్ రిక్వెస్ట్ ఫారాలు ఒక కట్ట ఉండాలి. సర్వర్ తిరిగి వచ్చాక ఎంట్రీలు ఎవరు చేయాలో ముందే తేల్చుకోండి. మందు ఇచ్చిన సమయాన్ని రాయాలి, టైపు చేసిన సమయాన్ని కాదు. దీని మీద తర్వాత గొడవలు వస్తాయి.

ఇది అతి జాగ్రత్త అనుకునేవారు 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్‌లో జరిగింది గుర్తు చేసుకోవాలి. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ దాడితో సర్వర్లు మూతపడి, దాదాపు రెండు వారాలు అంత పెద్ద ఆసుపత్రి చేతిరాత మీద నడిచింది. నెట్‌వర్క్‌ను విడివిడి భాగాలుగా సరిగ్గా విభజించకపోవడం వల్లే దాడి సాధ్యమైందని ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. నెట్‌వర్క్ విభజన మీ చేతిలో లేదు. బంధువులు తెచ్చే పెన్‌డ్రైవ్‌ను వార్డు కంప్యూటర్‌కు పెట్టకపోవడం మీ చేతిలో ఉంది. ‘పాత ఎంఆర్ఐ ఇందులో ఉంది, కొంచెం చూడండి’ అంటే రేడియాలజీకి పంపండి.

ఇక 11 గంటల అప్‌డేట్. ఈ సాఫ్ట్‌వేర్ రాసినవారెవరూ ఒక్క పూట నర్సింగ్ స్టేషన్‌లో కూర్చోలేదని పందెం కాస్తాను. కూర్చుని ఉంటే బెడ్ ఖాళీ అయిందని మూడు తెరల్లో మూడుసార్లు చెప్పించేవారు కాదు. తెర మీద పచ్చరంగు, బెడ్ మీద ఇంకా మనిషి. బీమా సంగతి చూడండి. ఆసుపత్రి నుంచి డిశ్చార్జ్ అభ్యర్థన అందిన 3 గంటల్లో నగదు రహిత చెల్లింపుకు తుది అనుమతి ఇవ్వాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో బీమా సంస్థలను ఆదేశించింది. ఆలస్యం వల్ల ఆసుపత్రి అదనంగా వసూలు చేసేది బీమా సంస్థే భరించాలని కూడా చెప్పింది. బంధువులకు ఈ 3 గంటల సంగతి తెలుసు, వచ్చి గడియారం చూపిస్తారు. కానీ ఆ అభ్యర్థన మన దగ్గరి నుంచి ఎన్ని గంటలకు వెళ్లిందో టీపీఏ (బీమా సంస్థ తరఫున క్లెయిములు చూసే సంస్థ) డెస్క్‌లోని తెరకే తెలుసు. తిట్లు తినే కోఆర్డినేటర్ తెర మీద ‘పెండింగ్’ అని ఒక్క మాట. ఎవరి దగ్గర పెండింగ్? డాక్టర్ సంతకమా, ఫార్మసీ రిటర్నా, బిల్లింగా, బీమా సంస్థా? ఒక్క గడి చేర్చితే సగం అరుపులు తగ్గుతాయి. దాని బదులు అప్‌డేట్‌లో బటన్ల రంగు మార్చి పంపుతారు. అప్‌డేట్ తెల్లవారుజామున పెట్టమని వార్డులన్నీ కలిసి ఒకే కాగితం మీద అడగండి. ఒక్కరు అడిగితే ఫిర్యాదు అంటారు.

ఐటీ కంపెనీలో బిజినెస్ యూనిట్ కోఆర్డినేటర్‌ని. అందరం వాడే రోస్టర్ షీట్‌లో ఎవరో ఒక నెల మొత్తం చెరిపేశారు. – గచ్చిబౌలి

ఆన్‌లైన్ షీట్ అయితే వెర్షన్ హిస్టరీలో పాతది ఉంటుంది, ఎవరు చెరిపారో కూడా. తిరిగి తెచ్చుకున్నాక గడిచిన నెలలను లాక్ చేయండి. అందరికీ ఎడిట్ హక్కు ఎందుకిచ్చారో నాకు అర్థం కాలేదు.

రోగి చేతి పట్టీ మీద, శాంపిల్ ట్యూబుల మీద వేసే లేబుళ్ల అక్షరాలు చెరిగిపోతున్నాయి. ప్రింటర్ మార్చాలా? – ఎల్బీనగర్

వేడితో నేరుగా అచ్చయ్యే కాగితం అయితే శానిటైజర్ తగిలినా, ఎండ తగిలినా అంతే. రిబ్బన్‌తో అచ్చు వేసే రకం, దానికి తగిన లేబుళ్లు తెప్పించమనండి, అక్షరాలు నిలుస్తాయి. అయితే వాడేసిన రిబ్బన్‌ను వెలుతురుకు ఎత్తి పట్టుకోండి. అచ్చయిన ప్రతి పేరూ, వయసూ, ఐపీ నంబరూ దాని మీద చదవగలిగేలా ఉంటాయి. దాన్ని మామూలు చెత్తబుట్టలో వేయకుండా, పాత కేస్ షీట్లు చింపే చోటికే పంపండి.