మీ ప్రశ్న, మా జవాబు: తేదీ బదులు పెద్ద నంబరు

ప్రశ్న: హాస్టల్ ఫీజు ప్రాజెక్టులో జావా ఎక్స్‌ఎంఎల్ ఎన్‌కోడర్ (ప్రోగ్రాంలోని డేటాను ఎక్స్‌ఎంఎల్ ఫైల్లోకి రాసే క్లాసు) వాడితే తేదీ చోట 1401647400000 అని పడుతోంది సార్. చదివేలా రాయించడమెట్ల?
- ఇంజినీరింగ్ విద్యార్థి, హనుమకొండ

జవాబు: టెన్షన్ వద్దు, అది తప్పేమీ కాదు. డేట్ క్లాసు లోపల ఉండేదే ఆ నంబరు, 1970 జనవరి 1 నుంచి గ్రీనిచ్ టైం ప్రకారం గడిచిన మిల్లీసెకన్లు. లెక్కేస్తే మన టైంలో 2014 జూన్ 2 మొదలయ్యే అర్ధరాత్రి. ఎన్‌కోడర్ చూసేది గెట్టర్, సెట్టర్‌లనే (విలువను తీసిచ్చే, పెట్టే మెథడ్‌లు) కాబట్టి లోపల డేట్ అలాగే ఉంచి, ఆ రెండూ స్ట్రింగ్‌తో, అంటే మామూలు అక్షరాల రూపంతో, పనిచేసేలా మార్చు, ఫైల్లో 2014-06-02 అని పడుతుంది. ఎక్స్‌ఎంఎల్ స్కీమాలో (ఎక్స్‌ఎంఎల్ ఫైల్లో ఏది ఏ రూపంలో ఉండాలో చెప్పే ప్రమాణం) తేదీ రూపం కూడా ఇదే. తేదీని స్ట్రింగ్‌గా మార్చే ఫార్మాటర్‌కి ఆసియా/కోల్‌కతా టైంజోన్ మాత్రం తప్పకుండా ఇవ్వు, ఇవ్వకపోతే మనకంటే వెనకుండే గ్రీనిచ్ టైంలో నడిచే సర్వర్‌లో అదే తేదీ జూన్ 1 అయిపోతుంది, ఫీజు గడువు ఒకరోజు ముందుకొస్తుంది!