నాన్న అరువు పుస్తకాలు ఏం చేయాలంటే

చిరంజీవి చిన్నాకి, మావయ్య ఆశీస్సులు.

నిన్న ఫోన్‌లో రెండు సంగతులు అడిగావు. నాన్న కిరాణా కొట్టులో దొరికిన అరువు పద్దుల పుస్తకాలు ఏం చేయాలన్నది ఒకటి. సంవత్సరీకం రోజున బాకీలన్నీ మాఫీ అని మైకులో చెప్పి, నాన్న ఫొటోతో ఫ్లెక్సీ కట్టిస్తే ఎలా ఉంటుందన్నది రెండోది. నీ మనసు మంచిదే. కానీ ఫ్లెక్సీ వద్దు, మైకు అసలే వద్దు.

ఆ పుస్తకాల్లో 1997 నుంచి ఐదారేళ్లవి విడిగా తీసి చూడు. 1996 నవంబరు 6న తుపానుకు కోనసీమ కొబ్బరి తోటలు నేలకూలినప్పుడు నువ్వు మరీ చిన్నవాడివి. ఇల్లు కూలితే ఏడాదిలో మళ్లీ వేసుకోవచ్చు. కొబ్బరి మొక్క నాటితే కాపుకు రావడానికి ఐదారేళ్లు పడుతుంది. అన్నాళ్లూ తోట ఉన్న రైతుకే రాబడి లేదు, ఇక దింపు తీసేవాళ్లకీ, కాయ ఒలిచేవాళ్లకీ పనెక్కడిది? అంబాజీపేట చుట్టుపక్కల అలాంటి ఇళ్లకు బావగారు బియ్యం, పప్పు, నూనె ఇస్తూనే ఉన్నారు.

ఊరికే ఇవ్వలేదు, రాసుకుని ఇచ్చారు. ఆయన మంచితనమంతా అక్కడే ఉందని నా నమ్మకం. పద్దు రాస్తే తీసుకునే మనిషి ఖాతాదారు. ఊరికే ఇస్తే చేయి చాపినవాడు అవుతాడు. ఆ అప్పుల్లో సగం తిరిగి రావని ఆయనకు తెలుసు, అయినా రాసేవారు. వచ్చినావిడ నోరు తెరిచి అడిగేలోపే కాటా మీద బియ్యం పోసేసేవారు. పక్కన ఇంకెవరైనా నిలబడి ఉంటే పాత బాకీ ఊసే ఎత్తేవారు కాదు. కొట్టులో మా అక్క, అంటే మీ అమ్మ కూర్చున్నా అదే పద్ధతి.

ఇప్పుడు నువ్వు మైకులో మాఫీ అంటే, బాకీ ఉన్నది ఎవరెవరా అని ఊరంతా ఆరా తీస్తుంది. ఆయన ఇన్నేళ్లు కాపాడిన గుట్టు ఒక్క పూటలో రట్టవుతుంది.

అందుకని ఎవరినీ అడగకు. మూడేళ్లు దాటిన ఖాతా బాకీలకు కోర్టులో కూడా బలం ఉండదు. కానీ తమంతట తాము వచ్చి ఇచ్చేవాళ్లను మాత్రం కాదనకు. పెద్దకార్యం రోజు ఒలుపు పని చేసిన పెద్దాయన డబ్బు తెచ్చి నీ చేతిలో పెట్టబోతే వద్దన్నావు కదా. దండం పెట్టి వెళ్లిపోయాడు గానీ, ఆయన మొహం నేను చూశాను. కొడుకు గల్ఫ్ వెళ్లి నిలదొక్కుకున్నాక తీర్చాలని దాచుకున్న సొమ్ము అది. నువ్వే ఆయన ఇంటికి వెళ్లు. పుస్తకం తీసుకెళ్లి, డబ్బు పుచ్చుకుని, ఆయన ఎదురుగానే పద్దు కొట్టేయి. కాసేపు కూర్చో. మీ నాన్న గురించి నీకు తెలియని సంగతులు ఆయన చెబుతాడు.

నీకొక్కడికే ఒక మాట చెబుతాను, ఎవరితోనూ అనకు. హైదరాబాద్‌లో చదివే రోజుల్లో నువ్వు ఉన్న గదికి అద్దె ఎందుకంత తక్కువో ఎప్పుడైనా ఆలోచించావా? ఆ ఇంటాయన తల్లి ఆ పుస్తకాల్లో ఉంది. బావగారు సిఫారసు చేయలేదు. నువ్వు ఫలానా వాళ్లబ్బాయివని ఆయనే తెలుసుకున్నాడు.

వచ్చిన డబ్బు ఏం చేయాలంటావా? పదో తరగతి పరీక్ష ఫీజు 125 రూపాయలు. అదీ కట్టలేని ఇళ్లున్నాయి. బావగారు ఏటా ఫీజు గడువుకు ముందే హెడ్మాస్టరు గారికి కొంత ఇచ్చి వచ్చేవారు. ఎవరికి కట్టారని అడిగేవారు కాదు. నువ్వూ అడగకు. చాలకపోతే నీ జీతంలోంచి కలుపు.

పేరు నిలవాలన్న నీ ఆశ తప్పు కాదు. ఆకలన్నవాళ్లకు అన్నం పెట్టిన లంకల గన్నవరం డొక్కా సీతమ్మ గారు 1909లో పోయారు. గోదావరి పాయ మీద కాలువను దాటించే వంతెనకు (అక్విడక్టుకు) ఆవిడ పేరు పెట్టారు, 2024లో బడి పిల్లల మధ్యాహ్న భోజనానికీ పెట్టారు. ఇంట్లోవాళ్లు కట్టించిన బోర్డులు కావవి, తిన్నవాళ్లు మోసుకొచ్చిన పేరు.

సంవత్సరీకానికి భోజనాలు మాత్రం లోటు లేకుండా పెట్టు. బాకీ ఉన్నవాళ్లను కూడా ఇంటికి వెళ్లి పిలు, పుస్తకాల సంగతి ఎత్తకు. నేను వారం ముందే వస్తాను. చేతిరాత అర్థం కాని పద్దులుంటే అమ్మని అడుగు, చాలావాటికి ఆవిడ దగ్గర లెక్క ఉంది. పుస్తకాలకు చెద పట్టకుండా బీరువాలో పెట్టించు.

మీ మావయ్య