లైకాను పంపి ఏమి తెలుసుకున్నారు?

ప్రశ్న: మా పదేళ్ల అబ్బాయి లైకా కథ చదివి అన్నం మానేశాడు. వీధి కుక్కపిల్లను తెచ్చి అదే పేరు పెడతానంటున్నాడు. మూగజీవాలను అంతరిక్షానికి పంపడం వల్ల వైద్యానికి ఏమైనా ఒరిగిందా? ఇప్పటికీ పంపుతున్నారా?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: మీ అబ్బాయి కోపం న్యాయమైనదేనమ్మా. 1957 నవంబరు 3న సోవియట్ యూనియన్ వాళ్లు స్పుత్నిక్-2 అనే ఉపగ్రహంలో లైకా అనే కుక్కను ఎక్కించేనాటికే దాన్ని తిరిగి దించే ఏర్పాటు లేదు. కొన్ని రోజులు బతికిందని చెబుతూ వచ్చారు. వేడికి తాళలేక కొన్ని గంటల్లోనే ప్రాణం పోయిందని 2002లో గాని బయటపడలేదు. అంతరిక్షానికి పంపే కుక్కలకు శిక్షణ ఇచ్చిన శాస్త్రవేత్త ఒలెగ్ గజెంకో, దాని చావుకు తగినంత నేర్చుకోలేదని ముసలితనంలో బాధపడ్డాడు. నాదీ అదే మాట.

అలాగని అన్నిటినీ ఒకే గాటన కట్టలేను. 1960 ఆగస్టులో బెల్కా, స్ట్రెల్కా అనే కుక్కలు ఒక రోజుకు పైగా భూమిని చుట్టి క్షేమంగా దిగాయి. నాలుగో చుట్టులో బెల్కా గింజుకుని వాంతి చేసుకుంది. అది చూశాకే మొదటి మనిషికి ఒక్క చుట్టు చాలనుకున్నారు. 1961 ఏప్రిల్‌లో గగారిన్ తిరిగింది ఒక్క చుట్టే.

నాకు బాగా అర్థమయ్యేది మాత్రం 1966 నాటి ప్రయోగం. కళ్యాణదుర్గం వైపు పశువైద్యుడిగా ఉన్నప్పుడు ఒక గొర్రెల కాపరి లారీ కింద పడిన కుక్కను భుజాన వేసుకుని వచ్చాడు. వెనక కాలికి పిండికట్టు వేశాను. ఐదు వారాల తర్వాత కట్టు కోసి తీస్తే లోపల కంది కట్టెలాంటి కాలు. కండ లేదు, బొచ్చు అణగిపోయి చర్మం ఎముకకు అంటుకుంది. ‘ఇది మా కుక్క కాలేనా సార్?’ అన్నాడు, నేనేదో మార్చేసినట్టు. పని లేని కాలు అంతే. బరువు మోయని ఎముకను ఒళ్లు పోషించదు.

ఆ 1966 ప్రయోగంలో వెటెరోక్, ఉగొల్యోక్ అనే కుక్కలు 22 రోజులు కక్ష్యలో ఉండి వచ్చినప్పుడు అలాగే చిక్కిపోయాయి, ఎముకల్లో కాల్షియం తగ్గింది. కట్టు ఒంటికంతా వేసినట్టన్నమాట. ఇప్పుడు అంతరిక్ష కేంద్రంలో వ్యోమగాములు రోజుకు సుమారు రెండు గంటలు వ్యాయామం చేసేది ఈ నష్టాన్ని ఆపడానికే.

పంపడం మానలేదు, కుక్కల స్థానంలోకి ఎలుకలు వచ్చాయి. 2025 ఆగస్టులో కూడా రష్యా 75 ఎలుకలను నెల రోజులు తిప్పింది. మన ఇస్రో, మనుషులను అంతరిక్షానికి పంపే గగన్‌యాన్‌కు ముందు జంతువులను కాకుండా వ్యోమమిత్ర అనే మరమనిషిని పంపాలని నిర్ణయించింది. పశువైద్యుడిగా అది నాకు నచ్చింది.

కుక్కపిల్లను తెచ్చుకోనివ్వండి, మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా వేయించండి. పేరు మాత్రం స్ట్రెల్కా అని పెట్టమనండి. అది తిరిగి వచ్చి ఆరు పిల్లలను కన్నది.